చూపు నిలపడం

ఆళ్లగడ్డలో దేవుళ్లను చెక్కేవాళ్లకు కొదవ లేదు. రోడ్డు వెంట ఏ షెడ్డులోకి తొంగి చూసినా ఒక ఆంజనేయుడో, ఒక అమ్మవారో సగం రాతిలోంచి బయటికి వచ్చి నిలబడి ఉంటారు. రాక్షసుణ్ణి చెక్కేవాణ్ణి మాత్రం నేనొక్కణ్ణే. అదీ వేపచెక్క మీద. రాతిపనివాళ్లు నన్ను చూసి, "ఓబుళాచారికి దేవుడు దొరకల్యా, దయ్యం దొరికింది" అని నవ్వుతారు. నవ్వనీ. వాళ్లు కట్టుకున్న ఇళ్లకు దిష్టి ముఖాలు నా దగ్గర్నుంచే తీసుకుపోయారు.

మా తాత ఒక మాట చెప్పేవాడు. "వాకిట్లో దేవుని మొకం పెడితే దిష్టి కూడా చెప్పులిడిచి, దండం పెట్టుకోని లోపలికొస్తాదిరా. రాక్షసుని మొకం పెడితేనే బయట నిలబడిపోతాది." మా ఇంట్లో నాలుగు తరాలుగా చెక్కేది హిరణ్యకశిపుడి ముఖమే. అహోబిలం కొండల కింద పుట్టినవాళ్లం, ఇంకో రాక్షసుణ్ణి ఎక్కడి నుంచి తెస్తాం? వాడు చచ్చింది ఇంట్లోనూ కాదు, బయటా కాదు, గడప మీద. గడప మీద చచ్చినవాడికి అటు పోవడానికీ ఇటు పోవడానికీ లేదు కాబట్టి గడపలన్నిటికీ వాడే కాపలా అని మా వాళ్ల నమ్మకం. ఉరిమి చూసే గుడ్లు, చెవుల దాకా తెరిచిన నోరు, రెండు కోరలు, బయటికి వేలాడే నాలుక. జాజు, మసి, పసుపు తప్ప నేను వేరే రంగులు వాడను. ఇప్పుడు బజారులో ఫైబర్ ముఖాలు వచ్చాయి, చవక కూడా. వాటిని చూస్తే దిష్టికి భయం వేస్తుందో లేదో గానీ నాకు మాత్రం జాలి వేస్తుంది.

నేను చెప్పబోయేది నా పనితనం గురించి అనుకోకండి. ఆ పనితనం వల్ల ఒక మనిషి ఎలా చచ్చిపోయాడో చెప్పబోతున్నాను.

ముఖం చెక్కడం షెడ్డులోనే అయిపోతుంది. కళ్లు మాత్రం అవ్వవు. కనుపాపల చోటు ఖాళీగా వదిలేస్తాం. ఇంటి దగ్గరికి తీసుకుపోయి, యజమాని ఎదురుగా, చివర్న ఆ రెండు గుంటలు తొలుస్తాం. తర్వాత ముఖాన్ని పైకెక్కించి తగిలించాలి. చేసినవాడు తగిలించకూడదు. తగిలిస్తే ముఖం వాణ్ణి గుర్తుపట్టి మెత్తబడిపోతుందని మా పెద్దలు పెట్టిన కట్టు. చేసినవాడు రోడ్డు అవతల, కీడు ఎటు నుంచి వస్తుందనుకుంటారో ఆ చోట నిలబడి, ముఖం తనను సూటిగా చూసేదాకా పైనున్న మనిషికి కుడికి, ఎడమకి, పైకి, కిందికి అని చెబుతూ ఉండాలి. దాన్నే మేము చూపు నిలపడం అంటాం. చూపు సరిగ్గా నిలిచిందంటే చేసినవాడికి ఒళ్లు జల్లుమంటుంది. నలభై ఏళ్లలో నాకు జల్లుమనని రోజు లేదు. అది నా గొప్ప అనుకునేవాణ్ణి.

వరదరాజులుకు శిరివెళ్ల దారిలో తాతల నాటి మాగాణి ఉంది. పిల్లల చదువులకని ఆళ్లగడ్డలో మూడంతస్తుల ఇల్లు మొదలుపెట్టాడు. మా షెడ్డుకు యాభై గజాల దూరం. ఎదుటి వీధి నేరుగా వచ్చి ఆ ఇంటి గుమ్మానికి గుచ్చుకుంటుంది. వీధిపోటు స్థలమని ఎవరూ కొనకపోతే ఆయన కొన్నాడు. కొన్నాక భయం పట్టుకుంది. భయపడ్డవాడు ఒళ్లు దగ్గర పెట్టుకున్నాడా అంటే అదీ లేదు, పై అంతస్తు బాల్కనీని మూడడుగులు రోడ్డు మీదికి పెంచాడు. ఆ రోడ్డు మీదుగానే కరెంటు పెద్ద తీగలు పోతున్నాయి. లైన్‌మన్ రెండుసార్లు వచ్చి చెప్పిపోయాడట. "చూద్దాంలేప్పా, తీగలు యాడికి పోతాయ్" అన్నాడట ఈయన. ఈ సంగతి నాకు తర్వాత తెలిసింది. తర్వాత తెలిసిందని చెప్పుకోవడానికి కూడా సిగ్గుగా ఉంది. తీగలకు దాపరికమేముంది, అందరి నెత్తిమీదా ఉన్నాయి. నేను తలెత్తి చూసింది ముఖాన్ని.

ఆ ఇంటికి పూతపని చేస్తున్న బేల్దారి శాంసన్. ముప్పై రెండేళ్లవాడు. ఆదివారం చర్చిలో డప్పు వాయించేవాడు, మిగతా ఆరు రోజులూ గోడలకు సిమెంటు పూస్తూ అవే పాటలు పాడేవాడు. రోజూ పొద్దున బిడ్డను బండి మీద బడికి దింపడానికి మా షెడ్డు ముందు నుంచే పోయేవాడు. ఆ పిల్ల పేరు కెజియా, మూడో తరగతి. బండి ఆపించుకుని లోపలికి వచ్చి, వరసగా ఆరబెట్టిన ముఖాల ముందు నిలబడి ఒక్కొక్కదానికీ నాలుక చూపించేది. "నీది పొడుగా, నాది పొడుగా" అని అడిగేది. పోతూ పోతూ గుప్పెడు చెక్కపొట్టు జేబులో పోసుకునేది. ఎందుకని అడిగితే చెప్పేది కాదు. నేను మంచివాణ్ణని ఎవరూ అనరు, షెడ్డులోకి ఒక్కణ్ణీ రానివ్వను. ఆ పిల్లను మాత్రం ఒక్కనాడూ పొమ్మనలేదు.

మే నెల మూడో వారంలో ముఖాన్ని ఆ ఇంటికి తీసుకుపోయాం. పొద్దున పది గంటలకే ఎండ నెత్తి మాడుస్తోంది. వరదరాజులు ఎదుట కూర్చుని కళ్లు తొలిచాను. అక్కడున్న పనివాళ్లెవరూ దాన్ని పట్టుకోవడానికి ముందుకు రాలేదు. కళ్లు తెరిచిన ముఖాన్ని ముట్టుకోవాలంటే మా వైపు వాళ్లకు భయం. శాంసన్ తాపీ పక్కన పెట్టి, చేతులు లుంగీకి తుడుచుకుంటూ వచ్చాడు.

"ఇట్లియ్యప్పా. నన్ను చూసి అదే జడుసుకోవాల" అన్నాడు. దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఈ పండ్లు అచ్చం మా మేనత్తవే" అన్నాడు. వరదరాజులు కూడా నవ్వాడు.

ముఖాన్ని ఏడడుగుల ఇనుప పైపుకు బిగించాం. పైపు అడుగు భాగాన్ని పై బాల్కనీ పిట్టగోడకు కొట్టిన కొక్కెంలో దింపి, చూపు కుదిరాక బోల్టు వేయాలి. శాంసన్ పైకి పోయాడు. నేను రోడ్డు దాటి వీధి మొదట్లో నిలబడ్డాను. వాడు పైపును కొక్కెంలో సగం దింపి, రెండు చేతులతో పట్టుకుని కిందికి చూశాడు.

"ఎడమకి" అన్నాను. వంచాడు. "ఇంకొంచెం." వంచాడు. ముఖం ఇంకా నా భుజం మీదుగా ఎక్కడికో చూస్తోంది. వీధిపోటు ఇంటికి చూపు బెత్తెడు తప్పినా పెట్టనట్టే లెక్క.

అప్పుడు వాడు పైనుంచి నన్నొక మాట అడిగాడు. నేనొక మాట చెప్పాను. ఆ రెండు మాటలు ఎస్సై రాసుకున్న కాగితంలో లేవు, ఎందుకంటే నేను చెప్పలేదు. మీకూ ఇప్పుడు చెప్పను. చెప్పాల్సినవాళ్లకు చెప్పినప్పుడు వినండి.

"ఇంకొంచెం ఎడమకి" అన్నాను మళ్లీ. ముఖం కదిలింది. రెండు కళ్లూ నా మీదికి వచ్చి నిలిచాయి. ఒళ్లు జల్లుమంది. చాలు అని చెయ్యి ఎత్తాను. నా చెయ్యి గాల్లో ఉండగానే పెద్ద చప్పుడైంది. వీధిలో ఫ్యాన్లన్నీ ఆగిపోయాయి. పైపు కొక్కెంలోనే ఉండిపోయింది, ముఖం నన్నే చూస్తోంది. దాని వెనక మనిషి లేడని తెలియడానికి నాకెంతసేపు పట్టిందో చెప్పలేను. అందరూ అరుస్తూ మెట్లెక్కుతున్నారు, నేనింకా ఆ చూపు చూస్తూ నిలబడి ఉన్నాను.

శాంసన్‌ను ఒక బొలెరో వెనక సీట్లో వేసుకుని నంద్యాలకు పోయాం. వాడి తల నా ఒళ్లో ఉంది. జుట్టులో సిమెంటు దుమ్ము. శిరివెళ్ల దాటకముందే నాకు తెలిసిపోయింది. డ్రైవరుకు చెప్పలేదు. చెబితే బండి వేగం తగ్గిస్తాడు, నెమ్మదిస్తే అది నిజమైపోతుంది.

వాడి భార్య జీవమ్మ శనగల గోడౌన్లో పని చేస్తుంది. పైట నిండా శనగపొట్టుతో బస్సెక్కి నంద్యాల ఆసుపత్రికి వచ్చింది. వరండాలో నన్ను చూసి నేరుగా నా దగ్గరికి వచ్చింది. అప్పటికింకా ఏడవలేదు.

"కడాకు ఏమన్నా అన్నాడాప్పా?" అని అడిగింది.

"ఏమీ అనల్యా తల్లీ" అన్నాను.

అది నా మొదటి అబద్ధం. రెండోది ఎస్సై దగ్గర. ఎడమకు జరపమన్నాను, పైపు తీగకు తగిలింది, అంతే అని చెప్పాను. వరదరాజులు పక్క నుంచి, "పొద్దున్నే ఏసుకోని వచ్చినాడేమో సార్" అన్నాడు. డాక్టరు రాసిన కాగితంలో మందు జాడే లేదు. ప్రమాదమని కేసు ముగిసింది.

తాగాడన్న మాట నిలవలేదు గానీ దానికంటే గట్టి మాట ఊళ్లో పుట్టింది. ఎవరు ముందు అన్నారో తెలియదు. ముఖం బలి తీసుకుందట. నమ్మకం లేనివాడు ముట్టుకున్నాడట, పళ్లు చూసి ఎగతాళి చేశాడట, అందుకే మింగేసిందట. వరదరాజులుకు ఈ మాట చల్లగా తగిలింది. రాక్షసుడు చంపాడంటే రోడ్డు మీదికి పెంచిన మూడడుగుల సంగతి ఎవరూ ఎత్తరు. ఇంతకాలం జరగని తీగ పది రోజుల్లో రోడ్డు అవతలికి జరిగింది. జూన్‌లో గృహప్రవేశమైంది. ఆ రోజు ఇల్లు చూడ్డానికి వచ్చినవాళ్లకంటే ముఖం చూడ్డానికి వచ్చినవాళ్లే ఎక్కువ. కింద నిలబడి ఫోన్లలో ఫోటోలు తీసుకున్నారు.

ఆ తర్వాత నాకు పని మీద పని వచ్చింది. నంద్యాల జిల్లా కేంద్రమయ్యాక అక్కడ అపార్టుమెంట్లు పుట్టగొడుగుల్లా లేస్తున్నాయి. "మనిషిని మింగిన మొకం చేసిన ఆచారి నువ్వేనాప్పా? మాకూ అట్లాంటిదే కావాల" అని ఫోన్లు. మొదటి ఫోను రాగానే మా ఇంటిది, కొండమ్మ, నా చేతిలోంచి ఫోన్ తీసుకుని నెల రోజుల్లో ఇస్తాడని చెప్పింది. పెట్టేశాక నా వైపు తిరిగింది.

"అవునని అనొద్దు, కాదని అనొద్దు. నీ పని నువ్వు చేసుకో."

అలాగే చేశాను. కాదని అనకపోతే అవునన్నట్టేనని నాకు తెలియక కాదు. అన్నం సయించలేదు, నిద్ర పట్టలేదు, ఉలి మాత్రం ఆగలేదు. చేతులకు సిగ్గుండదు.

జూన్ నెలాఖరులో ఒక మధ్యాహ్నం జీవమ్మ వచ్చింది. లోపలికి రాకుండా షెడ్డు చూరు కింద నిలబడింది. గోడకు పదకొండు ముఖాలు ఆనించి ఉన్నాయి, ఇంకా కనుపాపలు లేకుండా. ఆమె వాటి వైపు చూడలేదు.

"అప్పా, కెజియా బడికి పోనంటాంది."

"ఏందమ్మా, ఒంట్లో బాగలేదా?"

"ఒళ్లు బాగానే ఉంది. ఆ ఇంటి ముందర నడవనంటాంది. మీ నాయనను దయ్యం మింగిందని బడిలో పిల్లోళ్లు అంటాండారంట. కాలువ గట్టు మీద చుట్టు తిప్పి తీసకపోతాండా. ఆడ కూడా కండ్లు మూసుకోనే నడుస్తాది. రోజూ పక్క తడుపుతాంది." ఆమె గొంతు తగ్గించింది. "నాయన ఇంకా దాని కడుపులోనే ఉన్నాడా అని అడుగుతాదప్పా."

ఉలి మీద కొట్టే కొడతిని కింద పెట్టాను.

"దయ్యం లేదు గియ్యం లేదు, కరెంటు కొట్టింది అని నేను చెప్పినా. నమ్మదు. పాస్టరయ్య చెప్పినాడు. నమ్మదు. మావోళ్లే సగం మంది, దాన్ని ముట్టుకోకుండా ఉంటే బతికేటోడు అంటాండారు. ఇంగ బిడ్డ ఎట్ల నమ్ముతాది? దాన్ని చేసినోడివి నువ్వు. నీ నోటితో చెప్తే నమ్ముతాది. వచ్చే ఆదివారం సాయంత్రం ఇంటికాడ ఆయన జ్ఞాపకానికి ప్రార్థన కూడిక పెట్టినాం. అందరూ వస్తారు. వచ్చి, ఆ మొకంలో ఏం లేదని చెప్పు. ఏం జరిగిందో అది చెప్పు. ఇంగేం వద్దు."

"చూద్దాంలేమ్మా" అన్నాను. అన్నాక గుర్తొచ్చింది, లైన్‌మన్‌తో వరదరాజులు అన్నది కూడా ఈ మాటే.

ఆమె బతిమాలలేదు. వెనక్కి మళ్లుతూ, "నీ కాడ తెచ్చుకున్న చెక్కపొట్టంతా బిస్కట్ డబ్బాలో దాచిపెట్టుకునుంది. కోడిపిల్లలు తెస్తే కింద పరిచేదానికంట. ఇప్పుడు దాన్ని పారేయమని ఏడుస్తాంది" అని చెప్పి పోయింది.

శనివారం వరదరాజులు కారు షెడ్డు ముందు ఆగింది. మా ఊళ్లో కూడిక సంగతులు దాగవు. ఆయన కూర్చోలేదు, ముఖాల మధ్య నిలబడే మాట్లాడాడు.

"పో ఆచారీ. పోయి ఓదార్చు, ఎవరొద్దంటారు? తీగ మాట ఎత్తొద్దు. మొకంలో ఏం లేదని మాత్రం అనొద్దు."

"అంటే ఏమైతాది?"

"నీకు తెలీదా? నీ బువ్వ, నా ఇల్లు, రెండూ దాని మీదే నిలబడుండాయి. నేను పొద్దున లేచి బయటికొస్తే తల పైకెత్తనప్పా. అది ఉందని అనుకుంటేనే ఆ ఇంట్లో నిద్ర పడతాది నాకు. అది ఉత్త చెక్కని నువ్వే అంటే, ఇంగ ఆ ఇంట్లో నేనెట్ల ఉండాల?"

ఆయన నన్ను బెదిరించడానికి వచ్చాడనుకున్నాను. నిజంగానే భయపడి వచ్చాడు. నాకు కోపం రావాల్సింది, రాలేదు. ఆయనా నేనూ ఒకే ముఖం వెనక దాక్కున్నాం.

ఆదివారం బయల్దేరుతుంటే కొండమ్మ, "పిల్ల కోసం పో. అడిగినదానికే జవాబు చెప్పి వచ్చేయ్" అంది. ఆమెకు కూడా ఆ రెండు మాటలు తెలియవు.

జీవమ్మ ఇంటి ముందు చిన్న షామియానా వేశారు. ప్లాస్టిక్ కుర్చీలు, పాతిక ముప్పై మంది. బల్ల మీద శాంసన్ ఫోటో, పెళ్లినాటి కోటుతో. ఒక పాట పాడారు. అది వాడు పూతపని చేస్తూ పాడేదే. పాట మధ్యలో డప్పు దెబ్బ పడాల్సిన చోట అందరూ ఒక్క క్షణం ఆగారు, వాయించేవాడు లేడు కదా. పాస్టరయ్య ప్రార్థన చేసి, ఓబుళాచారిగారు రెండు మాటలు చెబుతారని కూర్చున్నాడు. కెజియా చాప మీద తల్లి పక్కన ఉంది. నెల రోజుల్లో సగమైపోయింది. నన్ను చూసి తల్లి కొంగు వెనక్కి జరిగింది, నా చేతుల్లో ఏమైనా తెచ్చానేమో అని చూసింది.

లేచి నిలబడ్డాను. పిల్ల వైపు చూసి మాట్లాడాను.

"పాపా, అది వేపచెక్క. దొర్నిపాడు కాడ గాలికి చెట్టు పడిపోతే తెచ్చినా. కోసింది నేను, చెక్కింది నేను, రంగేసింది నేను. వెనక బోలుగా ఉంటాది, నువ్వు చూసినావు గదా. నోట్లో చెయ్యి పెడితే వెనక నుంచి బయటికొస్తాది. దానికి కడుపు లేదు. మింగేదానికి కడుపే లేనిది మీ నాయనను ఎట్ల మింగుతాది? దాంట్లో ఏం లేదు. నేను చేసిన ఏ మొకంలోనూ ఏం లేదు. మీ నాయన చేతిలో పైపు కరెంటు తీగకు తగిలింది. తీగ ఇంటికి దగ్గరుంది, ఇంటిని రోడ్డు మీదికి పెంచినారు గాబట్టి."

కుర్చీల్లో గుసగుసలు లేచాయి. ఎవరో తల ఊపారు. నాలుగు తరాల మాటను నేను అలా ఉమ్మేసినట్టు చెప్పేస్తానని నాకే తెలియదు. ఇంతటితో కూర్చుని ఉంటే సరిపోయేది. జీవమ్మ అడిగింది ఇదే. కూర్చోబోయాను కూడా.

కెజియా కొంగు వెనక నుంచి అడిగింది, "నాయనకు తీగ కనపళ్లేదా?"

కనపడలేదని అంటే అయిపోతుంది. అప్పుడు వాడు చూసుకోకుండా చచ్చిపోయినవాడవుతాడు. పెద్దయ్యాక కూడా ఆ పిల్ల మా నాయన ఇంకాస్త చూసుకుని ఉంటే అనుకుంటూ బతుకుతుంది. నా నాలుక మీద ఆ మాట సిద్ధంగా ఉంది. వాడి ఫోటో పక్కనే ఉంది. ఆ మాటను మింగేశాను.

"కనపడింది" అన్నాను. "నన్ను అడిగినాడు. 'అప్పా, తీగ దగ్గరుంది, తగులుతాదేమో' అన్నాడు."

"నువ్వేమన్నావ్?" ఈసారి అడిగింది జీవమ్మ.

"ఆ మొకం చేతిలో పెట్టుకోని నీకు భయమేందిరా అన్నా. దాని ముందరికి ఏ కీడూ రాదు, ఇంకొంచెం ఎడమకి జరుపు అన్నా. నా మాట మీద జరిపినాడు."

షామియానా గుడ్డ గాలికి కొట్టుకుంటోంది. జీవమ్మ నన్నే చూస్తోంది.

"ఆసుపత్రిలో నేనడిగితే ఏమీ అనలేదంటివి."

"అబద్ధం చెప్పినా తల్లీ."

ఆమె మెల్లగా, బజారులో ఏదో వస్తువు గురించి అడిగినట్టు అడిగింది. "ఆ మాట నమ్మి చెప్పినావా, ఊరికే చెప్పినావా?"

నమ్మి చెప్పానంటే నేను మూర్ఖుణ్ణి. మూర్ఖుణ్ణి జనం మన్నిస్తారు. అక్కడ కూర్చున్నవాళ్లలో కొందరు నేను అదే అనాలని ఎదురు చూశారనుకుంటాను. నలభై రోజులుగా నాకు నేను చెప్పుకుంటున్నదీ అదే, నమ్మకంతోనే అన్నానులే అని. కానీ ఆ క్షణం నాకు బాగా గుర్తుంది. ఎండ మండుతోంది. మెడ నొప్పెడుతోంది. చూపు ఇంకో రెండు వేళ్లు జరిగితే కుదురుతుంది. వాడు అడిగాడు, నాకు విసుగొచ్చింది. తాత మాట నోటికి అలవాటుగా ఉంది, వాడి భయాన్ని నోరు మూయించడానికి దాన్ని వాడాను. హిరణ్యకశిపుడు ఆ నిమిషాన నా మనసులో లేనే లేడు. శాంసన్ కూడా లేడు.

"నమ్మి చెప్పల్యా" అన్నాను. "పని అయిపోవాలని చెప్పినా."

జీవమ్మ తల ఊపింది, ఇంతకాలంగా వెతుకుతున్నది దొరికినట్టు. తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. పిల్ల భుజాలు పట్టుకుని కొంగు వెనక నుంచి ముందుకు తెచ్చి, నా వైపు తిప్పి నిలబెట్టింది.

"ఇన్నావా పాపా? దయ్యం కాదు. ఈయప్ప."

కెజియా నన్ను చూసింది. ముందు కళ్లను, తర్వాత నోటిని. కోరల కోసం వెతికినట్టు నా నోటి వైపు చాలాసేపు చూసింది. నలభై ఏళ్లుగా రాక్షసుల చూపులు కోరి నా మీద నిలుపుకున్నవాణ్ణి, ఆ పిల్ల చూపుకు తల దించుకున్నాను. ఎవరో టీ గ్లాసు తెచ్చి ఇచ్చారు. ఏం చేయాలో తెలియక తాగాను.

మర్నాడు స్టేషనుకు పోయి ఆ రెండు మాటలూ ఎస్సైకి చెప్పాను. ఆయన రాసుకుని సంతకం పెట్టించుకున్నాడు, అవసరమైతే పిలుస్తానన్నాడు. ఇంకా పిలవలేదు. ఎప్పుడు పిలిచినా పోతాను.

వరదరాజులు నాతో మాట్లాడటం మానేశాడు, ముఖాన్ని మాత్రం దింపలేదు. నంద్యాల నుంచి ముఖాలు కావాలని చెప్పినవాళ్లలో సగం మంది వద్దన్నారు. మిగిలిన సగం మంది వచ్చారు. నేను పోయి నిజం ఒప్పుకోవడం కూడా ఆ ముఖం మహిమేనట, దాని ముందు అబద్ధం నిలవదట. నాకు నవ్వు రాలేదు. కనుపాపలు లేని ముఖాలే ఇచ్చి పంపించాను. చూపు మీరే నిలుపుకోండి, నేను రాను అని చెప్పాను. కొండమ్మ నాలుగు రోజులు అన్నం పెట్టింది గానీ మాట్లాడలేదు.

కెజియా ఇప్పుడు ఒక్కతే బడికి పోతోంది. కాలువ గట్టు దారి మానేసింది. పొద్దున తొమ్మిదికి వరదరాజులు ఇంటి ముందు నుంచే వస్తుంది. ముఖం కింద ఆగుతుంది, బ్యాగు సర్దుకుని తలెత్తి దానికి నాలుక చూపిస్తుంది. షెడ్డులో కూర్చుని ఉంటే నాకు కనపడుతుంది. మొదటి రోజు అది చూసి నా కళ్లలో నీళ్లు తిరిగాయి. గుప్పెడు చెక్కపొట్టు తీసి పొట్లం కట్టి చూరు కింద పెట్టాను.

మా షెడ్డు ఇంకా పది గజాలుందనగా ఆ పిల్ల రోడ్డు దాటి అవతలి పక్కకు పోతుంది. తల దించుకుని గబగబా నడుస్తుంది. షెడ్డు దాటాక మళ్లీ ఇవతలికి వస్తుంది.